లెన్సు అంచు మీద రాతలు

విజయవాడ

చిన్నీ,

నీ మెసేజ్ చేరింది. షూటింగులో మొదటి వారం విన్న మాటలన్నీ కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపావు. పాయింట్ నైన్, టీ టూ, పోలా, ఎయిటీ ఫైవ్, ప్లస్ టూ, బ్రీతింగ్, క్వార్టర్ మిస్ట్... ఒక్కోదాని పక్కన ఒక్కో ప్రశ్నార్థకం. కెమెరామన్ గారు ‘ఎన్‌డీ పాయింట్ నైన్ పట్రా’ అంటే ఫిల్టర్ల పెట్టెలో తొమ్మిది అంకె కోసం వెతికానని, నీ సంచిలో ఉన్నది ఎన్‌డీ 8 కాబట్టి అది వేరే సరుకు అనుకున్నానని రాశావు. సైజు సంగతి పక్కన పెడితే ఆ రెండూ ఒకటేనమ్మా. ఒకే వస్తువుకు ఇద్దరు రెండు రకాలుగా లెక్కగట్టి రాసుకున్నారు, అంతే.

ఇవన్నీ ఫోనులో చెబితే సగం గాలికి పోతాయి. అందుకే కూర్చుని రాస్తున్నాను. నెమ్మదిగా చదువుకో. నీ కెమెరా, లెన్సు పక్కన పెట్టుకుని చదివితే ఇంకా మంచిది.

ముందు ఒక్క సంగతి పట్టుకో. లెన్సు మీదా, ఫిల్టరు మీదా కనిపించే రాతలు మూడు చోట్ల నుంచి వచ్చాయి. కొన్ని కొలతలు. ఏ దేశంలో ఏ కంపెనీ చేసినా వాటి అర్థం మారదు. కొన్ని కంపెనీలు తమ సరుకుకు పెట్టుకున్న పేర్లు. పక్క కంపెనీలో అదే అక్షరాలకు ఇంకో అర్థం ఉండొచ్చు. మిగిలినవి బజార్లో పుట్టి, నలుగురి నోళ్లలో నలిగి స్థిరపడ్డ మాటలు. కొత్త మాట చెవిన పడగానే ఇది ఈ మూడింట్లో ఏదో తేల్చుకో. కొలత అయితే, దేన్ని దేనితో కొలిచారో అడుగు. ఈ అలవాటు లేకుండా మాటలు బట్టీ పడితే, పెట్టెలో ఉన్నదాన్ని ముందుంచుకుని ఊరంతా వెతకాల్సి వస్తుంది.

కాలేజీ రోజుల్లో కెమెరాతో పాటు వచ్చిన నీ లెన్సు తీసి, ముందు అద్దం చుట్టూ గుండ్రంగా ఉన్న రాత చదువు. 18-55 ఎంఎం అని ఉంటుంది. 1:3.5-5.6 అని ఉంటుంది. సున్నాకు అడ్డంగా గీత కొట్టిన గుర్తు పక్కన 58 అని ఉంటుంది. కొలతలంటే ఈ మూడే. తక్కిన అక్షరాలన్నీ కంపెనీవి.

మొదటిది ఫోకల్ లెంగ్త్. లెన్సు గొట్టం ఎంత పొడుగుందన్నది కాదు. ఎక్కడో దూరాన ఉన్న వస్తువు నుంచి వచ్చే వెలుగును లెన్సు తన వెనకాల ఎంత దూరంలో బొమ్మగా కూడబెడుతుందో ఆ దూరం. అది పెరిగేకొద్దీ బొమ్మ పెద్దదవుతుంది, చుట్టూ కనిపించే మేర తగ్గిపోతుంది. 36 ఎంఎం వెడల్పు, 24 ఎంఎం ఎత్తు ఉన్న సెన్సరు మీద (దాన్నే ఫుల్ ఫ్రేమ్ అంటున్నారు) 24 ఎంఎం లెన్సు వేస్తే మూల నుంచి మూలకు 84 డిగ్రీలు కనిపిస్తుంది. 50 వేస్తే 46, 47 డిగ్రీలు. 200 వేస్తే పన్నెండే.

రెండోది ఎఫ్ నంబరు. ఇక్కడ కాస్త ఆగాలి. 1:3.5 అని నిష్పత్తిలాగా ఎందుకు రాశారంటే అది నిజంగా నిష్పత్తే కాబట్టి. ఫోకల్ లెంగ్త్‌ను, ముందు నుంచి చూస్తే కనిపించే రంధ్రం వెడల్పుతో భాగిస్తే వచ్చేది. 50 ఎంఎం లెన్సు ఎఫ్ 2 దగ్గర ఉందంటే ఆ రంధ్రం 25 ఎంఎం. 200 ఎంఎం లెన్సు ఎఫ్ 2.8 అంటే 71 ఎంఎంకు పైనే. అంత రంధ్రం పట్టాలంటే ముందు అద్దం అంతకన్నా పెద్దది కావాలి కదా, అందుకే 70-200 లెన్సుల్లో ఎఫ్ 2.8వి అంత లావుగా, బరువుగా ఉంటాయి. 600 ఎంఎం ఎఫ్ 4 అంటే 150 ఎంఎం రంధ్రం. అంత అద్దానికి ముందు ఫిల్టరు తగిలించడం అయ్యే పని కాదు కాబట్టి వెనకవైపు చిన్న అరలో ఫిల్టరు దించేలా చేస్తారు. చూశావా, ఒక్క భాగహారం తెలిస్తే ధర ఎందుకంత, బరువు ఎందుకంత, ఫిల్టరు ఎక్కడ అన్నవి దాని వెంటే వచ్చేస్తాయి.

అంకె పెరిగితే వెలుగు తగ్గడమేమిటని అందరికీ మొదట్లో తికమకే. పుచ్చకాయను నలుగురికి కోసిన ముక్క పెద్దదా, పదహారు మందికి కోసిన ముక్క పెద్దదా? ఎఫ్ కింద ఉన్న అంకె అలాంటిది. 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16, 22. ఈ వరస నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. ఒక మెట్టు దిగితే వెలుగు సగం, ఎక్కితే రెట్టింపు. ఆ మెట్టునే స్టాపు అంటాం. అంకెలు రెట్టింపులుగా కాకుండా 1.4 రెట్ల చొప్పున పెరుగుతాయేమిటంటే, వెలుగు పట్టేది రంధ్రం వైశాల్యం. వైశాల్యం సగం కావాలంటే వెడల్పును రెండు యొక్క వర్గమూలంతో భాగించాలి. నీ లెన్సు మీద రెండు అంకెలున్నాయంటే, 18 దగ్గర 3.5 వరకూ తెరుచుకునేది 55 దగ్గరికి వచ్చేసరికి 5.6 మించి తెరుచుకోదని. అంటే జూమ్ చేస్తూ పోతే నీకు తెలియకుండానే స్టాపు పైచిలుకు వెలుగు తగ్గిపోతుంది. మండపంలో తలంబ్రాలు తీస్తూ దగ్గరికి జూమ్ చేయగానే బొమ్మ చీకటిపడటమో, ఐఎస్ఓ ఎగబాకడమో జరిగేది ఇందుకే.

‘ఫాస్ట్ లెన్సు’ అన్నది బజారు మాట. ఫోకస్ గబగబా పడుతుందని కాదు. ఎక్కువ వెలుగు వస్తుంది కాబట్టి షట్టరు వేగం పెంచుకోవచ్చని. దుకాణంలో ఒక్కోసారి ఫోకస్ మోటారును ఉద్దేశించి కూడా ఫాస్ట్ అనేస్తారు. ఏ అర్థంలో అంటున్నారో అడిగి తెలుసుకో, మొహమాటపడకు.

ఇక మీ కెమెరామన్ గారు అనే టీ టూ. ఎఫ్ నంబరు కొలతలు చూసి కట్టిన లెక్క. లోపల అద్దాలు ఎంత వెలుగు మింగేస్తున్నాయో దానికి పట్టదు. ఏ పూతా లేని అద్దం ఒక్కో ఉపరితలం దగ్గర నూటికి 4 వంతుల వెలుగును వెనక్కి కొడుతుంది. గాలికీ అద్దానికీ మధ్య 30 ఉపరితలాలున్న జూమ్ లెన్సుకు పూతే లేకపోతే లోపలికి వచ్చిన వెలుగులో మూడో వంతు కూడా సెన్సరు దాకా చేరదు. 1935లో జైస్ కంపెనీలో పనిచేస్తున్న అలెగ్జాండర్ స్మకులా ప్రతిబింబాలను అణిచే పూతకు దారి చూపించాడు. ఇవాళ ఇన్ని అద్దాల జూమ్‌లు మనం వాడగలుగుతున్నామంటే దాని చలవే. పూతలు ఎంత బాగున్నా కొంత నష్టం తప్పదు. సినిమాలో ఒకే సన్నివేశాన్ని నాలుగు లెన్సులతో తీసి పక్కపక్కన అతుకుతారు. ఒకదాంట్లో ముఖం కాస్త వెలుగుగా, ఇంకోదాంట్లో కాస్త మబ్బుగా వస్తే తెర మీద పట్టుబడిపోతుంది. అందుకని సినిమా లెన్సుల్ని, నిజంగా బయటికొచ్చే వెలుగును కొలిచి టీ స్టాపుల్లో గుర్తిస్తారు. స్టిల్ లెన్సు ఎఫ్ 2.8 అని ఉన్నా కొలిస్తే టీ 3 చుట్టుపక్కల తేలొచ్చు. తప్పేం లేదు, రెండూ వేర్వేరు కొలతలు.

ఇక్కడే ఇంకో చిక్కు. జైస్ లెన్సుల మీద ఎర్రగా టీ అక్షరం, పక్కన నక్షత్రం గుర్తు కనిపిస్తాయి. అది టీ స్టాపు కాదు. ఆ కంపెనీ తన పూతకు పెట్టుకున్న పేరు. ఒకే అక్షరం, ఒకటి కొలత, ఒకటి పేరు. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. నికాన్‌లో డీసీ అంటే ఫోకస్‌లో లేని భాగం ఎంత మెత్తగా కరిగిపోవాలో తిప్పుకోవడానికి రింగున్న పోర్ట్రెయిట్ లెన్సు. సిగ్మాలో డీసీ అంటే చిన్న సెన్సరు కెమెరాల కోసం చేసిన లెన్సు. రెండింటికీ చుట్టరికం లేదు. చేయి వణుకును సర్దే ఏర్పాటు అందరిదీ ఒకటే పని, పేర్లే వేరు. కానన్ ఐఎస్ అంటుంది, నికాన్ వీఆర్, సిగ్మా ఓఎస్, టామ్రాన్ వీసీ, సోనీ ఓఎస్ఎస్. రంగులు విడిపోకుండా చేసే ప్రత్యేకమైన గాజును నికాన్ ఈడీ అంటే కానన్ యూడీ అంటుంది. ఈ జాబితా బట్టీ పట్టకు. ఏ లెన్సు చేతికొస్తే దాని కంపెనీ కాగితం తెరిచి చూసుకో, చాలు. ఒక్కటి మాత్రం మరిచిపోకు. వణుకు సర్దే ఏర్పాటు నీ చేతి వణుకునే సర్దుతుంది. బరాత్‌లో ఎగురుతున్న కుర్రాళ్లను అది నిలబెట్టలేదు. వాళ్లు స్పష్టంగా రావాలంటే షట్టరు వేగం పెంచాల్సిందే.

క్రాప్ గురించి నువ్వు అడగలేదు గానీ, అడగకపోయినా చెప్పాలి. ఇంత గందరగోళం ఇంకే మాటలోనూ లేదు. నీ కెమెరా సెన్సరు చిన్నది. దాని మీద 50 ఎంఎం వేస్తే 80 అయిపోతుందని దుకాణంలో చెబుతారు. 50 ఎప్పటికీ యాభయ్యే. లెన్సు వేసే బొమ్మలో మధ్య భాగాన్నే నీ సెన్సరు పట్టుకుంటుంది కాబట్టి, ఫుల్ ఫ్రేమ్ మీద 80 వేస్తే ఎంత మేర కనిపిస్తుందో నీకు అంతే కనిపిస్తుంది. కానన్ చిన్న సెన్సర్లకు ఈ క్రాప్ గుణకం 1.6, నికాన్, సోనీలకు 1.5, మైక్రో ఫోర్ థర్డ్స్‌కు 2. వెనకాల దృశ్యం దగ్గరకు జరిగినట్టు కనిపించడం, ముక్కు పెద్దదిగా రావడం లాంటివి లెన్సు వల్ల కావు, నువ్వు ఎంత దూరంలో నిలబడ్డావన్న దాని వల్ల. 24తో పెళ్లికూతురి ముఖానికి మూరెడు దూరంలో నిలబడితే ముక్కు ముందుకొస్తుంది. అక్కడే నిలబడి 85తో తీసినా ఆ ముక్కు అలాగే ఉంటుంది, చెవులు మాత్రం ఫ్రేములో పట్టవు. నమ్మకపోతే మీ అమ్మను కూర్చోబెట్టి తీసి చూడు.

సినిమాస్కోప్ లెన్సులు చేతికొచ్చిన రోజు ఈ లెక్క ఇంకో మలుపు తిరుగుతుంది. అనామార్ఫిక్ అంటారే, అవి. అడ్డంగా రెండింతల దృశ్యాన్ని సగానికి నొక్కి ఫ్రేములో పెడతాయి, తెర మీద వేసేటప్పుడు మళ్లీ సాగదీస్తారు. ఫ్రాన్స్‌లో ఆన్రీ క్రెతియాఁ 1920లలో చేసిన లెన్సులే దీనికి మూలం. హాలీవుడ్ వాళ్లు 1953లో ‘ది రోబ్’తో దాన్ని సినిమాస్కోప్‌గా తెచ్చారు. మన దగ్గర 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ తొలి తెలుగు సినిమాస్కోప్ చిత్రం, వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా. మీ అమ్మా నేనూ పక్క ఊరి హాల్లో ఆ సినిమా చూసి, తెర అంత వెడల్పుగా ఎలా వచ్చిందని దారి పొడుగునా వాదించుకున్నాం. 50 ఎంఎం అనామార్ఫిక్ అంటే ఎత్తు విషయంలో 50, వెడల్పు విషయంలో 25 చూపించినంత. అంకె ఒకటే, అది రెండు దిక్కుల్లో రెండు మాటలు చెబుతుంది. వెనకాల దీపాలు గుండ్రంగా కాక కోడిగుడ్డులా నిలువుగా సాగి కనిపిస్తే అది అనామార్ఫిక్ అని నువ్వే గుర్తుపడతావు.

టెలి అని మనం పొడుగు లెన్సులన్నిటినీ అనేస్తాం. లెన్సులు కట్టేవాళ్లకు మాత్రం టెలిఫోటో అంటే గొట్టం పొడవు ఫోకల్ లెంగ్త్ కన్నా తక్కువ ఉండేలా వెనకాల వెలుగును విడదీసే అద్దాలు అమర్చిన కట్టుబడి. దాన్ని తిరగేస్తే రెట్రోఫోకస్. ఫ్రాన్స్‌కే చెందిన ఆంజెన్యూ కంపెనీ 1950లో ఆ పేరుతో 35 ఎంఎం లెన్సు తెచ్చింది. అద్దం పైకి లేచే కెమెరాల్లో లెన్సుకూ ఫిల్ముకూ మధ్య 40 ఎంఎం పైగా ఖాళీ వదలాలి. అంతకన్నా తక్కువ ఫోకల్ లెంగ్త్ ఉన్న వైడ్ లెన్సు పట్టాలంటే ఈ ఉపాయం తప్పలేదు. మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఆ ఖాళీ సోనీకి 18, నికాన్ జెడ్‌కు 16 ఎంఎంకు తగ్గిపోయింది. కొత్త వైడ్ లెన్సుల్లో కొన్ని చిన్నవవడానికి అదొక కారణం. మాక్రో అన్నది కొలతే, కానీ బజారు దాన్ని సాగదీసింది. అసలైన మాక్రో అంటే వస్తువు ఎంతో సెన్సరు మీద బొమ్మ అంత, 1:1. ముక్కుపుడక 8 ఎంఎం ఉంటే సెన్సరు మీద కూడా 8 ఎంఎం. నాలుగో వంతు మాత్రమే చేయగలిగే జూమ్‌ల మీద కూడా మాక్రో అని రాసి అమ్ముతారు. ఆ నిష్పత్తి ఎంతో చూసి కొను. నికాన్ మాత్రం అదే లెన్సును మైక్రో అంటుంది.

బ్రీతింగ్ అంటే ఫోకస్ దగ్గరికీ దూరానికీ తిప్పినప్పుడు ఫ్రేము కొంచెం పెరిగి తగ్గడం. సెట్లో ఫోకస్ తిప్పే ఫోకస్ పుల్లర్ పక్కన నిలబడి మానిటరు అంచులు గమనిస్తే అరగంటలో తెలిసిపోతుంది, రాయాల్సిన పని లేదు.

ఫిల్టర్లకు వద్దాం. అడ్డగీత సున్నా పక్కన ఉన్న 58 ఫిల్టరు బిగించే మర వ్యాసం. ఫోకల్ లెంగ్త్‌తో దానికి సంబంధం లేదు. రెండూ ఎంఎంలోనే ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లు 50 ఎంఎం లెన్సుకు 50 ఎంఎం ఫిల్టరు అడుగుతారు. 49, 52, 55, 58, 62, 67, 72, 77, 82, ఇవీ మామూలుగా దొరికే సైజులు. ప్రతి లెన్సుకూ ఒక పోలరైజర్ కొనకు. నీ దగ్గరున్న వాటిలో పెద్ద మరకు ఒక్కటి మంచిది కొనుక్కుని, చిన్న లెన్సులకు స్టెప్ అప్ రింగు వాడు. 67-82 అని రాసి ఉంటే 67 లెన్సుకు 82 ఫిల్టరు బిగించడానికి. తిరగేసి 82-67 కొంటే అది స్టెప్ డౌన్, వైడ్ లెన్సుల్లో మూలలు నల్లబడతాయి. సినిమా కెమెరాలకు ముందు ఫిల్టరు పలకలు దించే మ్యాట్ బాక్స్ ఉంటుంది కాబట్టి అక్కడ మరలతో పని లేదు. ఫోర్ బై ఫైవ్ సిక్స్‌టీఫైవ్ అంటే 4 అంగుళాల ఎత్తు, 5.65 అంగుళాల వెడల్పు ఉన్న పలక.

ఇప్పుడు నీ పాయింట్ నైన్. ఎన్‌డీ అంటే రంగు మార్చకుండా వెలుగును మాత్రం తగ్గించే ఫిల్టరు. తగ్గింపును మూడు రకాలుగా చెబుతారు. స్టిల్ ఫిల్టర్ల మీద ఎన్ని రెట్లు తగ్గిందో రాస్తారు. ఎన్‌డీ 8 అంటే ఎనిమిదో వంతు వెలుగు వస్తుంది. సినిమా వాళ్లది సాంద్రత లెక్క, లాగరిథమ్. 10 ఆధారంగా 2 యొక్క లాగరిథమ్ 0.3. కాబట్టి ఒక్కో స్టాపుకు 0.3. మూడు స్టాపులు 0.9. మూడో రకం నేరుగా స్టాపులు చెప్పడం. 2ను మూడుసార్లు హెచ్చిస్తే 8, 0.3ను మూడుసార్లు కూడితే 0.9, స్టాపులు 3. అదన్నమాట. ఎన్‌డీ 64, 1.8, ఆరు స్టాపులు ఒకటి. ఎన్‌డీ 1000, 3.0, పది స్టాపులు ఒకటి. అందుకే ఎవరైనా ‘ఎన్‌డీ త్రీ’ అంటే కదలకుండా నిలబడి, మూడు స్టాపులా, త్రీ పాయింట్ జీరోనా అని అడుగు. ఒకదాంతో ఎనిమిదో వంతు, ఇంకోదాంతో వెయ్యో వంతు.

సాంద్రత లెక్కలో ఒక సుఖముంది. రెండు ఫిల్టర్లు కలిపితే అంకెలు కూడుకుంటే చాలు. మిట్టమధ్యాహ్నం సీన్ అనుకో. ఐఎస్ఓ 100, షట్టరు సెకనులో వందో వంతు పెట్టుకుంటే ఎండలో ఎఫ్ 16 అన్నది పాత సూత్రం. మీ కెమెరా ఐఎస్ఓ 800 దగ్గర నడుస్తోంది, మూడు స్టాపులు ఎక్కువ. షట్టరు యాభయ్యో వంతు, ఇంకో స్టాపు. 16 నుంచి నాలుగు మెట్లు దిగితే ఎఫ్ 64. కెమెరామన్ గారికి వెనకాల జనం కరిగిపోవాలి, ఎఫ్ 2.8 కావాలి. 64 నుంచి 2.8కి తొమ్మిది మెట్లు. తొమ్మిదింట్లో మూడు ఒక పలక, ఆరు ఇంకో పలక. 0.9, 1.8 కలిపితే 2.7. ఆయన ‘టూ పాయింట్ సెవెన్’ అంటే ఎందుకో వేళ్ల మీద లెక్కగట్టి పలకలు రెండూ ముందే తీసి చేతిలో పట్టుకోగలిగితే, నువ్వు ఆ బృందంలో మనిషివైనట్టే.

బలమైన ఎన్‌డీ వేసినప్పుడు నల్ల కోటు గోధుమ రంగులోకో మెరూన్ రంగులోకో తిరిగితే కంగారుపడకు. కనిపించే వెలుగును ఆపిన ఫిల్టరు పరారుణాన్ని ఆపలేదని అర్థం. దాన్ని కూడా అడ్డుకునే వాటిని ఐఆర్ఎన్‌డీ అంటారు. తిప్పుకునే వేరియబుల్ ఎన్‌డీ అంటే రెండు పోలరైజర్లు ఒకదాని మీద ఒకటి. వైడ్ లెన్సు మీద చివరిదాకా తిప్పితే ఫ్రేములో అడ్డంగా నల్లటి ఇంటూ గుర్తు తేలుతుంది. మరొక మాట, ఇది గట్టిగా చెబుతున్నాను. ఎంత నల్లటి ఎన్‌డీ అయినా సరే, దాన్ని పెట్టుకుని కెమెరా కంటి అద్దంలోంచి సూర్యుణ్ణి చూడకు. కంటికి కనిపించని వేడి దాంట్లోంచి వచ్చేస్తుంది. గ్రహణానికి సూర్యుడి కోసమే చేసిన ఫిల్టర్లు వేరే ఉన్నాయి.

పోలా అంటే పోలరైజర్. సీపీఎల్ కూడా అదే, అందులో సర్క్యులర్ అన్నది చట్రం గుండ్రంగా ఉందని కాదు, పలకలుగా కూడా దొరుకుతుంది. అద్దం ఉన్న కెమెరాల్లో ఫోకస్‌కూ మీటరుకూ వెలుగును చీల్చే సగం వెండి పూత అద్దాలుండేవి. మామూలు పోలరైజర్ వేస్తే అవి తప్పు లెక్క చెప్పేవి. అందుకని వెనకాల ఇంకో పొర అంటించి వెలుగును మళ్లీ సుడి తిప్పి పంపుతారు. ఆ సుడికే ఆ పేరు. దీన్ని తెలుసుకోవాలంటే చేత్తో పట్టుకుని చూడాలి. పోలా కంటి ముందు పెట్టుకుని, మర ఉన్న వైపు నీవైపు ఉంచి, ఆగి ఉన్న కారు ముందద్దాన్ని వాలుగా చూస్తూ నెమ్మదిగా తిప్పు. ఒక చోట అద్దంలోని ఆకాశం మాయమై లోపల సీట్లు కనిపిస్తాయి. ఇంకో పావు చుట్టు తిప్పితే ఆకాశం తిరిగొస్తుంది. ఇప్పుడు అద్దానికి ఎదురుగా నిలబడి తిప్పు, ఏమీ మారదు. గాజుకు నిలువు గీత గీసుకుంటే దానికి 56 డిగ్రీల వాలులో ఇది బాగా పనిచేస్తుంది, నీటికి 53. వెండి కంచం మీద తిప్పి చూడు, మెరుపు దాదాపు అలాగే ఉంటుంది, లోహం మెరుపు వేరు. ఆకాశం నీలం చిక్కబడాలంటే సూర్యుడు నీ భుజం పక్కన ఉండాలి. ఎదురుగా ఉన్నా వీపు వెనక ఉన్నా లాభం లేదు. దీని ఖర్చు స్టాపున్నర నుంచి రెండు. మేఘాల దగ్గర ఇంద్రధనుస్సు తీసేటప్పుడు జాగ్రత్త, తిప్పడంలో తేడా వస్తే ధనుస్సే పోతుంది.

యూవీ ఫిల్టరు ఫిల్ము రోజుల్లో పనికొచ్చేది. ఫిల్ముకు అతినీలలోహితం కూడా పడేది, సముద్రం ఒడ్డునా కొండల మీదా బొమ్మ నీలంగా మసకబారేది. ఇప్పుడు సెన్సరు మీదే ఆ అడ్డు ఉంటుంది. కాబట్టి దుకాణంలో యూవీ అంటగట్టేది ముందు అద్దానికి గీతలు పడకుండా కాపలా కోసం. కాపలాగా ఉండనీ, మంచిదే. దీపావళి దీపాలు, పెళ్లిలో సీరియల్ లైట్లు తీసేటప్పుడు మాత్రం విప్పెయ్. బల్లపరుపు గాజు కాబట్టి దీపాల నీడలు తలకిందులుగా ఫ్రేములో తేలతాయి.

ఎయిటీ ఫైవ్ నీకు వింతగా వినిపించడం సహజం. అది కొలతా కాదు, కంపెనీ మాటా కాదు అన్నట్టుంటుంది. నిజానికి వరస నంబరు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ రాటెన్ అనే ఆయన రంగు ఫిల్టర్ల వ్యాపారం చేసేవాడు. ఆయన సంస్థను 1912లో కొడాక్ కొనేసింది. ఆ రాటెన్ నంబర్లే ఇప్పటికీ ప్రపంచమంతా చెల్లుతున్నాయి. 8 పసుపు, 25 ఎరుపు, 58 ఆకుపచ్చ, 47 నీలం. 85 అంటే నారింజ ఛాయ. బల్బుల వెలుగుకు, అంటే 3200 కెల్విన్‌కు తయారుచేసిన ఫిల్ముతో ఎండలో తీసేటప్పుడు వేసేవాళ్లు, లేకపోతే అంతా నీలమయం. దాని తిరగేసిన జోడీ 80ఏ. ఈ పని ఇప్పుడు వైట్ బ్యాలెన్స్ బొత్తాం చేస్తోంది. అయినా ఫిల్ము మీద పెరిగిన కెమెరామన్లకు ఆ నంబరు నోట్లో ఉండిపోయింది, వాళ్ల మాట నీకు తెలిసి ఉండాలి.

తెలుపు నలుపుల కాలంలో ఈ రంగు అద్దాలే చిత్రకారుడి చేతిలో రంగుల పెట్టె. ఆరో నిజాం ఆస్థానంలో ఫొటోలు తీసిన రాజా దీన్ దయాళ్ కాలం నాటి తొలి ప్లేట్లకు నీలమే బాగా పట్టేది. ఆ పాత ఫొటోల్లో చాలావాటిలో ఆకాశం తెల్లకాగితంలా ఉండేది అందుకే. తర్వాత అన్ని రంగులూ పట్టే పాన్‌క్రోమాటిక్ ఫిల్ము వచ్చాక పసుపు ఫిల్టరుతో మబ్బులు తేలాయి, ఎరుపుతో ఆకాశం నల్లబడింది. ఎర్ర ఫిల్టరు వేసి, ఎక్స్‌పోజర్ తగ్గించి, పట్టపగలు రాత్రి సీన్లు తీసేవారు. తెలుపు నలుపుల వెన్నెల అనగానే మన వాళ్లు ‘మాయాబజార్’ తలుచుకుని మార్కస్ బార్ట్‌లీకి దండం పెడతారు. నువ్వు ఆ సినిమాను ఈసారి కథ కోసం కాకుండా బూడిద ఛాయల కోసం చూడు. ఎర్ర 25కు మూడు స్టాపులు, పసుపు 8కి ఒక స్టాపు వెలుగు అదనంగా ఇవ్వాలి. ఇంట్లో ఒక పరీక్ష చెయ్. కెమెరాను మోనోక్రోమ్‌లో పెడితే మెనూలో ఫిల్టర్ ఎఫెక్ట్ అని ఉంటుంది. అమ్మమ్మ నుదుటి కుంకుమబొట్టును ఎరుపు పెట్టి ఒకటి, ఆకుపచ్చ పెట్టి ఒకటి తీయి. మొదటిదాంట్లో బొట్టు చర్మంలో కలిసిపోయి కనిపించదు, పెదవులు పాలిపోతాయి. రెండోదాంట్లో బొట్టు నల్లగా నిలబడుతుంది, ముడతలు లోతవుతాయి. ఏ ఫిల్టరైనా తన రంగును తేలిక చేసి, ఎదుటి రంగును ముదురు చేస్తుందన్నది ఇక పుస్తకం చూడకుండానే గుర్తుంటుంది.

క్వార్టర్ మిస్ట్ అంటే దీపాల చుట్టూ మెత్తటి కాంతివలయం తెచ్చే ఫిల్టరు. 1/8, 1/4, 1/2 అని ఉంటాయి. ఈ భిన్నాలు స్టాపులు కావు, కొలతలూ కావు. ఎంత గాఢమో చెప్పడానికి ఏ కంపెనీకి ఆ కంపెనీ పెట్టుకున్న తరగతులు. ఒక కంపెనీ పావు ఇంకో కంపెనీ పావులా ఉండదు, కాబట్టి పెట్టెలో ఉన్నదాని కంపెనీ పేరు కూడా కలిపి చెప్పు. ప్లస్ టూ మాత్రం అచ్చమైన కొలత. అమ్మమ్మ కళ్లజోడు నంబరు లాంటిదే, డయాప్టర్. మీటరును ఆ అంకెతో భాగించు. లెన్సు ఫోకస్ అనంతం దగ్గర ఉన్నా ప్లస్ టూ వేస్తే అర మీటరు దూరంలోని వస్తువు స్పష్టంగా వస్తుంది, ప్లస్ ఫోర్ వేస్తే పావు మీటరు.

కోఠిలో పాత లెన్సు చూస్తున్నానని రాశావు. తొందరపడకు. ఫోను టార్చి వెనకవైపు నుంచి వేసి, రంధ్రం పూర్తిగా తెరిచి, ముందు నుంచి వాలుగా చూడు. సాలెపట్టులా పాకిన పోగులుంటే ఫంగస్, పూతను తినేస్తుంది, పక్క లెన్సులున్న పెట్టెలో దాన్ని పెట్టకూడదు. పాల పొరలా మసక ఉంటే హేజ్. అంచు దగ్గర ఇంద్రధనుస్సు రంగుల్లో మచ్చ కనిపిస్తే అద్దాలు అంటించిన జిగురు విడిపోతోంది, అది వదిలెయ్. ఒకటి రెండు దుమ్ము రేణువులుంటే మాత్రం బేరమాడటానికే పనికొస్తాయి, బొమ్మకు నష్టం లేదు. ఆ లెన్సు అంచు మీద ఏమేం రాసి ఉందో మొత్తం ఫొటో తీసి పంపు, అడ్డగీత సున్నా పక్కన అంకె కూడా కనిపించేలా. అది 67 అయితే నా దగ్గర 67-82 రింగూ, వాడకుండా ఉన్న 82 పోలా ఒకటీ ఉన్నాయి. వచ్చే ఆదివారం మీ అమ్మ హైదరాబాదు వస్తోంది కదా, ఆమె చేతికిచ్చి పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య